చోటు చాలని మాట

సోమవారం పొద్దున్న ప్రార్థన గంటకి ఇంకా ముప్పావుగంట ఉందనగా భానుమూర్తి కాలేజీకి వచ్చాడు. స్కూటర్ డిక్కీలోంచి రంగు సుద్దముక్కల డబ్బా, చెక్క స్కేలు, స్పాంజి తీసుకుని గేటు పక్కనున్న సిమెంటు బోర్డు దగ్గరికి నడిచాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం అతని ఉద్యోగం. ఈ బోర్డు మాత్రం సొంత సరదా. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం దాన్ని కడిగి, పైన 'ఈ వారం సైన్సు' అని రాసి, కింద నాలుగు గదులు గీస్తాడు. జీవశాస్త్రం, రసాయనం, వైద్యం, భౌతికం. ప్రపంచంలో ఎక్కడెక్కడో కొత్తగా తేల్చిన నాలుగు సంగతుల్ని నర్సీపట్నం పిల్లలకి అర్థమయ్యే తెలుగులో రాస్తాడు.

అందుకోసం ఆదివారం మధ్యాహ్నాలు ఖర్చవుతాయి. ఫోన్లో ఇంగ్లీషు వ్యాసాలు తెరిచి, పక్కన నిఘంటువు పెట్టుకుని, పాత క్యాలెండర్ కాగితాల వెనక చిత్తుప్రతి రాసుకుంటాడు. ఒక్కో మాటకి తెలుగు దొరక్క అరగంట కూర్చున్న రోజులున్నాయి. ఆ బోర్డు ముందు పిల్లలే కాదు, సంతకాల కోసం వచ్చిన తల్లిదండ్రులూ, కరెంటు బిల్లు రీడింగు తీయడానికొచ్చిన కుర్రాళ్ళూ ఆగి చదువుతుంటే స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూడటం అతనికి ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ వారం చిత్తుప్రతి బాగా కుదిరింది. కాకులు బొమ్మల్లో సరైన ఆకారాన్నీ వంకర ఆకారాన్నీ వేరు చేయగలవని తేలింది. ఎడారి గాలిలోంచి కూడా నీళ్ళు పట్టగలిగే పదార్థాల గురించి ఇంకో సంగతి. వైద్యం గదికి టైప్ 1 షుగరు: ప్రయోగశాలలో పెంచిన కణాల్ని పన్నెండు మంది రోగుల కాలేయంలోకి ఎక్కిస్తే, ఏడాది తిరిగేసరికి వాళ్ళలో పదిమందికి ఇన్సులిన్ ఇంజక్షన్ల అవసరం లేకుండా పోయింది. ఇక భౌతికం. రెండు కృష్ణబిలాలు ఢీకొని ఒకటైనప్పుడు పుట్టిన తరంగాలు, ఎంతో దూరం ప్రయాణం చేసి వచ్చి, ఇదివరకెన్నడూ లేనంత స్పష్టంగా భూమ్మీద పరికరాలకి అందాయి.

అతను ముందు భౌతికం గది మొదలుపెట్టాడు. మిగతా మూడూ శ్రద్ధగా రాస్తాడు గానీ ఇది ప్రేమగా రాస్తాడు. రెండు నల్లటి వలయాలు గీశాడు. వాటి చుట్టూ నీటిలో అలల్లా తెల్ల గీతలు, నీలం గీతలు వేశాడు. వేలితో అంచులు మెత్తగా రుద్దాడు. బొమ్మ తను అనుకున్నదానికంటే బాగా వచ్చింది, అనుకున్నదానికంటే పెద్దదీ అయింది. దాని కింద రాయాల్సిన మాటలు పక్కనున్న వైద్యం గదిలోకి జరిగాయి. గీత చెరిపి నాలుగంగుళాలు ఎడమకి గీశాడు.

వైద్యం గదికి వచ్చేసరికి గంటకి పది నిమిషాలే ఉంది. చిత్తుప్రతిలో ఆరు వాక్యాలున్నాయి. ఎర్ర సుద్దతో శీర్షిక పెట్టాడు. 'టైప్ 1 షుగరు: శరీరంలోనే మళ్ళీ ఇన్సులిన్ తయారీ. ఇక ఇంజక్షన్లు అక్కర్లేదు.' కింద పన్నెండు మందిలో పదిమంది సంగతి రాశాడు. చోటు అయిపోయింది. 'కణాల్ని ఎక్కించుకున్నవాళ్ళు జీవితాంతం వేరే మందులు వాడాలి. ఈ చికిత్స ఇంకా పరీక్ష దశలోనే ఉంది, ఎవరూ ఇన్సులిన్ మానకూడదు' అన్న రెండు వాక్యాలు కాగితం మీద మిగిలాయి. ఎక్కించడం గురించిన వాక్యాన్నీ కుదించాల్సి వచ్చింది. 'కొత్త పద్ధతిలో' అని రెండు మాటల్లో సరిపెట్టాడు. అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ఇది నిజమేనా?"

వెనక ఎవరో ఆడపిల్ల. అతను నీలం గీత అంచు సరిచేస్తున్నాడు.

"పేరున్న పత్రికలో వచ్చిందమ్మా. నిజం కాకపోతే నేనెందుకు రాస్తాను?"

"ఆళ్ళ ఒంట్లోనే తయారవుతందా సార్? ఇంజక్షన్ నేకుండా?"

"అవుతోందమ్మా."

"బాగుంది సార్" అంది ఆ గొంతు. అందులో నవ్వు వినబడింది. అతను తిరిగి చూసేలోపు గంట కొట్టారు, పిల్లలంతా ప్రార్థనకి పరిగెత్తారు.

మంగళవారం బైపీసీ మొదటి సంవత్సరం వాళ్ళకి రెండో పీరియడ్ అతనిది. ప్రాక్టికల్ రికార్డులు ఆ రోజే ఇమ్మన్నాడు. అట్టలేసిన పుస్తకాలు టేబుల్ మీద దొంతరగా పేర్చారు. పాఠం మధ్యలో మూడో బెంచీలోంచి సత్యశ్రీ అనే పిల్ల లేచి బయటికి వెళ్ళొస్తానంది. నాతవరం అవతలి ఊరు నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. సన్నగా, నీలం రిబ్బను కట్టిన ఒంటి జడతో ఉంటుంది. మార్కులు బాగానే వస్తాయి. మాట తక్కువ. వెళ్ళమన్నాడు. పావుగంటకి మళ్ళీ లేచింది. బెంచీ మీద నీళ్ళ సీసా ఖాళీగా ఉంది.

"సార్, నీళ్ళకెళ్తాను."

"ఎన్నిసార్లమ్మా? ఇది క్లాసా, బస్సుస్టాండా?" అన్నాడు భానుమూర్తి. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వబోయి కూర్చుంది. పీరియడ్ అయ్యేదాకా మళ్ళీ లేవలేదు. పెదాలు నాలికతో తడుపుకుంటూ నోట్సు రాసుకుంది.

బుధవారం ఆమె రాలేదు. గురువారం హాజరు తీసేటప్పుడు పక్కన కూర్చునే సత్యలక్ష్మి లేచి, "ఒంట్లో బాగోలేదంట సార్. వాంతులంట. నిన్న నర్సీపట్నం ఆసుపత్రికి తెచ్చారు, అక్కణ్ణుంచి విశాఖపట్నం తీసుకెళ్ళిపోయారు" అంది. అతను రిజిస్టరులో చుక్క పెట్టి తర్వాతి పేరు పిలిచాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కబురొచ్చింది. ప్రిన్సిపాల్ జగదీశ్వరరావు స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఆ పిల్ల పోయింది. పదహారేళ్ళు.

"ఏమైందండీ?" అన్నాడు భానుమూర్తి.

"షుగరటండీ. పదకొండో ఏట నుంచీ ఇంజక్షన్ల మీదే ఉందట. మనకెవరికీ తెలీదు. జువాలజీ మేడం గారికి తెలుసట, ఎవరికీ చెప్పొద్దని పిల్ల బతిమాలిందట."

టైప్ 1 అన్న మాట ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు. రోజూ వందమంది అడుగుతారు, సోమవారం బోర్డు దగ్గర అడిగింది ఎవరి గొంతో ఏం తెలుసు అనుకున్నాడు భానుమూర్తి. టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

శనివారం సంతాప సభ జరిగింది. రెండు నిమిషాల మౌనం తర్వాత కాలేజీ వదిలేశారు. అందరూ వెళ్ళేదాకా అతను ల్యాబులో వెర్నియర్ కాలిపర్లు లెక్క చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత స్పాంజి తడిపి గేటు దగ్గరికి వెళ్ళి, బోర్డు మొత్తం కడిగేశాడు. సోమవారానికి కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. ఏ వారమూ అతను శనివారం బోర్డు కడగలేదు.

స్కూటర్ తీస్తుంటే గేటు బయట సత్యలక్ష్మి ఆటో కోసం నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"వాళ్ళింటికి వెళ్ళావా అమ్మా?" అని అడిగాడు.

"పొద్దున్నే ఎల్లొచ్చాం సార్. ఆళ్ళమ్మని సూళ్ళేకపోయాం. ఊరంతా ఆవిడినే అంతన్నారు."

"ఎందుకు?"

"మొన్న గాలివానకి ఆళ్ళ ఊళ్ళో మూడ్రోజులు కరెంటు నేదు సార్. ఫ్రిజ్జులో ఉండే ఇన్సులిన్ సీసా ఆళ్ళమ్మ కుండలో పెట్టింది. కుండలో పెట్టారా, అయితే మందు పాడైపోయుండొచ్చు అన్నారంట డాక్టరుగారు. ఆ మాట ఆళ్ళ నాన్న ఇన్నాడు. అప్పట్నుంచి ఆవిడితో మాటాడ్డం నేదు. పాడు మందు పొడిపించి పిల్లని సంపేసుకున్నానని ఆవిడే తల బాదుకుంతంది సార్."

భానుమూర్తి స్కూటర్ స్టార్ట్ చేశాడు. తల ఆడించాడు.

డాక్టరు చెప్పింది నిజమే అయ్యుంటుంది. దారంతా ఆ వాక్యాన్ని పట్టుకుని వచ్చాడు. మందు పాడైంది. అది గాలివాన చేసిన పని. బలిఘట్టం రోడ్డు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట దాదాపు నమ్మేశాడు. అందులో తన ప్రమేయం లేదు.

ఆదివారం చిత్తుప్రతి రాయలేదు. రికార్డులు దిద్దడానికి కూర్చున్నాడు. ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటే టిక్కులు పెడుతూ, రీడింగుల పట్టికలు కూడుతూ, సంతకం చేసి పక్కన పెడుతూ పదకొండు పుస్తకాలు పూర్తి చేశాడు. పన్నెండోది నీలం అట్టది. అట్ట మీద కె. సత్యశ్రీ అని గుండ్రటి అక్షరాలు. దిద్దాలా వద్దా అని కాసేపు చూసి, తెరిచాడు. లఘులోలకం ప్రయోగం. పట్టిక శుభ్రంగా ఉంది. ఒక్కచోట దశాంశం తప్పు. అలవాటుగా దాన్ని చుట్టేసి, చుట్టినందుకు తన చేతిని తనే చూసుకున్నాడు.

వెనక పేజీలు తిరగేస్తే అక్కడ అతని బోర్డు ఉంది. ప్రతి సోమవారం తేదీ వేసి, నాలుగు గదులూ గీసి, అతను రాసింది రాసినట్టు దించుకుంది. జూన్ నుంచీ ఒక్క వారమూ పోలేదు. కాకుల పక్కన చిన్న కాకి బొమ్మ వేసింది. అక్కడక్కడ పెన్సిలుతో ప్రశ్నలు. 'గాలిలోంచి తీసిన నీళ్ళు తాగొచ్చా?' 'కృష్ణబిలం చప్పుడు మనకెందుకు వినపడదు?' అడగాలనుకుని అడగని ప్రశ్నలు.

చివరి పేజీలో వైద్యం గది చుట్టూ ఎర్ర పెన్నుతో గీత. కింద పెన్సిలు అక్షరాలు:

'బయట నుంచి ఇన్సులిన్ ఇస్తూ ఉంటే ఒళ్ళు బద్ధకించి తయారు చేయదేమో. ఆపితేనే మొదలవుతుందేమో. సార్‌ని అడిగాను, నిజమే అన్నారు. ఈ రోజు సాయంత్రం నుంచి ఆపి చూస్తాను. అమ్మకి ఇప్పుడే చెప్పను. పది రోజులు అయ్యాక ఒకేసారి చెప్తాను.'

దాని కింద ఇంకో వరస, ఈసారి పెన్నుతో: 'మంగళవారం పొద్దున్న. దాహం ఎక్కువగా ఉంది. మొదట్లో ఇలాగే ఉంటుందేమో.'

తర్వాత పుస్తకం అతనికి ఇచ్చేసింది.

వర్ధనమ్మ కాఫీ తెచ్చేసరికి అతను పుస్తకం మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఏమిటంటూ ఆమె పుస్తకం లాక్కుని చదివింది. ముప్పై ఏళ్ళు టీచరు భార్యగా బతికిన మనిషి. విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఈ పుస్తకం ఇంకెవరు చూశారు?" అంది.

"ఎవరూ చూడలేదు. నేనే."

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అయితే ఇక్కడితో వదిలేయండి. మీరు వెళ్ళి చెప్తే పిల్ల తిరిగొస్తుందా? మీ అమ్మాయి మీకు అబద్ధం చెప్పి చచ్చిపోయిందని ఆ తల్లికి చెప్తారా? అంతకంటే ఈ గాలివానే నయం."

"తప్పు గాలివాన మీద ఎవరూ పెట్టట్లేదు వర్ధనం. ఆవిడ మీద పెడుతున్నారు."

ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. భానుమూర్తి లేచి హ్యాంగరుకున్న చొక్కా జేబులో వెతికాడు. చొక్కా ఉతికేశారు. జేబులో కాగితం తడిసి ముద్దయి, గట్టిపడి, ఉండలా ఉంది. విప్పబోతే పొడిపొడిగా రాలింది. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

సోమవారం సెలవు చీటీ పంపించి, నాతవరం వెళ్ళే షేర్ ఆటో ఎక్కాడు. ఒడిలో సంచి, సంచిలో నీలం అట్ట పుస్తకం. ఆటోలో ఎరువుల బస్తా మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ముసలాయన, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఇల్లాలు, ఇద్దరు ఆసుపత్రి నుంచి వస్తున్నవాళ్ళు. తాండవ కాలవ దాటాక రోడ్డుకి రెండువైపులా వరి చేలు గాలికి పడుకుని ఉన్నాయి. పడిన చేను ఎలా కోయాలో ముసలాయన పక్కవాళ్ళతో చెప్తున్నాడు. ఈ రోడ్డు మీదే ఆ పిల్ల రోజూ వచ్చేది. ఈ గతుకుల్లో మంగళవారం సాయంత్రం నీళ్ళు లేని సీసా పట్టుకుని ఎలా వెళ్ళిందో.

ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. రేకు పందిరి కింద నలుగురు మగాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళకి కాస్త ఎడంగా, వీధిలోకి చూస్తూ ఒకతను గట్టు మీద కూర్చున్నాడు. నలభై దాటిన వయసు. గడ్డం మాసింది.

"అప్పలరాజు గారా?" అన్నాడు భానుమూర్తి. "నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తానండి. భానుమూర్తి."

అతను గబుక్కున లేచి తువ్వాలు భుజం మీంచి తీసేశాడు. "తవరా మాస్టారూ! మా గుంట రోజూ తవరి మాటే సెప్పేది. ఇయ్యాల బోర్డు మీద మాస్టారు ఇది రాసారు, అది రాసారు అని. రండి, లోపలికి రండి." లోపల చాప చూపించాడు. "కూకోండి."

ఆ మర్యాదకి భానుమూర్తి తలొంచుకుని లోపలికి నడిచాడు.

లోపలి గదిలో గోడకి చేరగిలబడి ఆమె కూర్చుని ఉంది. లోవలక్ష్మి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎటో చూస్తోంది. పక్కన సింహాద్రమ్మ అనే ముసలామె, అప్పలరాజుకి పెద్దమ్మ, గిన్నెలో గంజి కలుపుతూ, "రెండు గుక్కలు తాగే లోవా. నాలుగు రోజులైంది" అని బతిమాలుతోంది. ఆమె తల తిప్పేసింది. మూలన, తడి ఇసక కుదురు మీద చిన్న మట్టికుండ. దాని మూతి మీద తడిగుడ్డ ఎండిపోయి గట్టిపడింది.

భానుమూర్తి చాప మీద కూర్చుని పుస్తకం బయటికి తీశాడు. అట్ట మీద పేరు చూడగానే ఆమె కళ్ళు అటు తిరిగాయి.

"పాప దస్తూరీ" అంది. రెండు రోజుల్లో అదే ఆమె మొదటి మాటేమో, సింహాద్రమ్మ చేయి ఆగిపోయింది. "నాకు సదువు రాదు బాబూ. ఏటి రాసుకుందో సదవండి."

తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

భానుమూర్తి వెనక పేజీలు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. కాకుల గురించి చదివాడు. ఆమె "అవును, కాకులంటే ఇష్టం దానికి. అన్నం ఎట్టేది" అంది. గాలిలోంచి నీళ్ళు పట్టే సంగతి చదివాడు. పక్కన పెన్సిలుతో రాసుకున్న ప్రశ్న కూడా చదివాడు. ఆమె మొహం మీద ఏదో మెత్తబడింది. వినే పిల్లల మొహాల్లో అతను ఎన్నోసార్లు చూసిన మార్పు అది. రెండు నల్లటి వలయాల బొమ్మ చూపించాడు. ఆమె దాని మీద వేలు పెట్టి గీతల వెంట తిప్పింది.

ఆఖరి పేజీ వచ్చింది. ఇక్కడ ఆపేయవచ్చు. ఇంతేనమ్మా అనవచ్చు. చదువు రాని మనిషి. గుమ్మంలో ఉన్న మనిషి అయిదో తరగతి చదివి ఉంటాడు, అక్కడి నుంచి కనపడదు. సింహాద్రమ్మ గంజి గిన్నె పట్టుకుని ఇంకా వింటోంది.

"ఇది ఆఖరిదమ్మా. పోయిన సోమవారానిది" అని, అక్కడున్నదంతా చదివాడు. షుగరు, పన్నెండు మంది, పదిమంది, ఇంజక్షన్లు అక్కర్లేదు. ఒళ్ళు బద్ధకించడం. సార్‌ని అడిగాను, నిజమే అన్నారు. ఆపి చూస్తాను. అమ్మకి చెప్పను. పది రోజులు అయ్యాక ఒకేసారి చెప్తాను. దాహం ఎక్కువగా ఉంది. ప్రతి మాటా చదివాడు.

"మానేసిందా?" అన్నాడు గుమ్మంలోంచి అప్పలరాజు. "మందు మానేసిందంతారా?"

"కుండలో పెట్టిన సీసా ఎప్పుడు తెరిచారు?" అని అడిగాడు భానుమూర్తి.

"ఆదారం" అంది లోవలక్ష్మి. "ఆదారం పొద్దున్న ఇప్పాం. నా సేత్తోనే ఇచ్చాను. అదే పొడుసుకునీది. నాను సూడనీదాన్ని కాదు, సూడ్నేక." కుండ వైపు చూసింది. "అందులోనే ఉంది. ముట్టుకోలేకపోయాను."

భానుమూర్తి లేచి కుండలో చెయ్యి పెట్టాడు. చిన్న గాజుసీసా, రబ్బరు మూత. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టాడు. పూటకెన్ని యూనిట్లో అడిగాడు. ఆమె చెప్పింది. వేళ్ళ మీద లెక్కేశాడు. బుధవారం పొద్దుటిదాకా వాడి ఉంటే సీసాలో మూడో వంతు ఖాళీ కావాలి. మందు సీసా మెడకి కాస్త కిందదాకా ఉంది. ఆదివారం, సోమవారం పొద్దున్న తీసిందే తీసింది.

అప్పలరాజు గది లోపలికి వచ్చి ఆ సీసా చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ వంచి చూశాడు.

"మందు పాడైందని డాక్టరుగారు అనుమానపడ్డారు, అంతే. ఈ చలిరోజుల్లో చల్లటి కుండలో నాలుగు రోజులుంటే ఇన్సులిన్ పాడవదమ్మా. ఫ్రిజ్జు లేనివాళ్ళు అలాగే దాచుకుంటారు. మీరు సరిగ్గానే పెట్టారు" అన్నాడు భానుమూర్తి. తర్వాత చెప్పాల్సింది మిగిలింది. "తప్పు నాది. ఆ చికిత్స ఇంకా పరీక్షల్లోనే ఉంది, ఎవరూ ఇన్సులిన్ మానకూడదు అని రాయాలి. ఇంట్లో రాసుకున్నాను. బోర్డు మీద చోటు చాల్లేదని వదిలేశాను. పక్కన బొమ్మ పెద్దగా గీశాను. పాప నన్ను అడిగింది. నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మంగళవారం నీళ్ళకి వెళ్తానంటే కసిరి కూర్చోబెట్టాను. ఎవరడిగినా ఇదే చెప్పండి. ప్రిన్సిపాల్ గారికి నేను చెప్తాను."

అప్పలరాజు అతని వంక చూశాడు. ఆ చూపులో కోపం కోసం భానుమూర్తి ఎదురుచూశాడు. ఒక దెబ్బ పడినా బాగుండుననిపించింది. అప్పలరాజు మాత్రం సీసా పట్టుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు. ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాలుగు రోజులు నీతో మాటాడనేదు నాను" అన్నాడు. "ఆ డాక్టరు మాట పట్టుకుని."

ఆమె అతని వైపు చూడలేదు. అతను సింహాద్రమ్మ చేతిలోంచి గంజి గిన్నె తీసుకుని ఆమె నోటి దగ్గర పెట్టాడు. గంజి చీర మీద ఒలికింది. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆమె చివరికి రెండు చేతులతో ఆ గిన్నె అందుకుంది. తాగలేదు. ఒళ్ళో పెట్టుకుంది. అతను ఆమె పక్కనే గోడకి ఆనుకుని కూలబడి, తువ్వాలు మొహానికి కప్పుకుని ఏడ్చాడు.

"రెండ్రోజులు" అంది ఆమె. ఎవరితోనూ కాదు. "రెండ్రోజులు దాహం ఓర్సుకుంది. నాకు సెప్పనేదు. ఏటే అలా ఉన్నావంటే, ఏటీ నేదమ్మా అని నవ్వింది."

భానుమూర్తి పుస్తకం ఆమె పక్కన చాప మీద పెట్టి లేచాడు. చెప్పులు తొడుక్కోబోతుంటే ఆమె పిలిచింది.

"మాస్టారూ. ఆ మందు నిజవేనా?"

అతను గుమ్మంలో ఆగాడు.

"నిజమేనమ్మా."

"ఆ పదిమందీ నిజంగా ఇంజక్షన్లు మానేసారా?"

"మానేశారు."

"మరైతే పాప అనుకున్నది అబద్దం కాదు." పుస్తకం అట్ట తడిమింది. "మన దగ్గరికి ఎప్పుడొస్తాది?"

ఈసారి అతను తొందరపడలేదు. తనకి తెలిసిందీ తెలియనిదీ కూడగట్టుకున్నాడు. "ఇప్పుడే చెప్పలేం అమ్మా. ఆ పరీక్షలు అయిపోవాలి. వేరే మందులు జీవితాంతం వాడాల్సిన బాధ తప్పించాలి. ఇక్కడి దాకా రావాలి. అన్నీ కుదిరితే ఓ పదేళ్ళు పట్టొచ్చు. ఎక్కువా పట్టొచ్చు. రాకపోవచ్చు కూడా."

"పదేళ్ళు" అంది లోవలక్ష్మి. గంజి గిన్నె మీదున్న వేళ్ళని ఒక్కొక్కటే మడిచింది. "పదారు, పది. ఇరవయ్యారు." తల ఎత్తి అతన్ని చూసింది. "ఇరవయ్యారంటే సిన్నవయసే గదా మాస్టారూ?"

"చిన్న వయసేనమ్మా."

ఆమె తల ఊపింది. గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. సింహాద్రమ్మ గోడ వైపు తిరిగి కళ్ళొత్తుకుంది. అతన్ని సాగనంపడానికి ఎవరూ లేవలేదు. భానుమూర్తి చెప్పులు వేసుకుని, పందిరి కింది మగాళ్ళ మధ్యలోంచి వీధిలోకి వచ్చి, ఆటో ఆగేచోటికి నడిచాడు.